ఇంటిపేర్ల పటం

ఆ చలికాలం తర్వాత మా నాన్న ఇంటిపేర్ల గురించి మాట్లాడడం మానేశాడు. అంతకుముందు మా ఇంటికొచ్చి ఆ సంగతి వినకుండా బయటపడ్డవాళ్లు లేరు. గ్యాస్ బండ తెచ్చినతన్ని కూడా గుమ్మంలో నిలబెట్టి, "నీ ఇంటిపేరేమిటోయ్? మీ తాతలది ఏ ఊరు?" అని అడిగేవాడు. అతను ఇంకో నాలుగిళ్లకు వెళ్లాలని మొత్తుకున్నా వినేవాడు కాదు.

అలా అడగడానికి ఆయన కారణాలు ఆయనకున్నాయి. మా ఇంటిపేరు ఆక్రాయిడ్. నాన్న పూర్తి పేరు శాంతికుమార్ ఆక్రాయిడ్. బందరు దగ్గర మా పల్లెలో ఆ పేరుకు ఎవరికీ నోరు తిరక్క 'అక్కిరాయుడు' చేసేశారు. హైదరాబాదు వచ్చాక ఇంకో చిక్కు. "ఆంగ్లో ఇండియన్లా?" అని అడిగేవాళ్లు. అడిగాక నాన్న కారునలుపు ముఖం వంకా, ఉంగరాల జుట్టు వంకా చూసి, అడిగినందుకు వాళ్లే సిగ్గుపడేవాళ్లు.

నాన్నకి ముత్తాత ఒక కరువులో అమ్మానాన్నలను పోగొట్టుకుని మిషను అనాథాలయంలో చేరాడట. ఇంగ్లండు నుంచి ఆక్రాయిడ్ అనే దొర ఎవరో ఆ పిల్లవాడి తిండికీ చదువుకీ పంపేవాడు. ఏ దొర అన్నం పెడితే ఆ దొర పేరు తగిలించడం అక్కడి పద్ధతి. పిల్లవాడి అసలు పేరేమిటో, ఎక్కణ్ణుంచి నడిచొచ్చాడో ఎవరూ అడిగి ఉంచుకోలేదు.

"మన ఊరు మనకు తెలియదు. మన పేరుకు మాత్రం ఊరుంది," అనేవాడు నాన్న.

ఆ ఊరు ఉత్తర ఇంగ్లండులో, యార్క్‌షైర్ కొండల్లో. ఓక్ చెట్లు కొట్టి సాగులోకి తెచ్చిన నేలను అక్కడి పల్లె యాసలో ఆక్రాయిడ్ అనేవారట. ఆ నేల పక్కన కాపురమున్నవాళ్లు ఆక్రాయిడ్లయ్యారు. కొన్ని వందల ఏళ్లు ఆ కొండలు దిగి పెద్దగా పోలేదు. ఉన్ని మిల్లులు వచ్చాక హాలిఫాక్స్‌కీ బ్రాడ్‌ఫర్డ్‌కీ చేరారు, కొందరు కొండ దాటి లాంకషైర్ వెళ్లారు, కొందరు ఓడలెక్కి ఆస్ట్రేలియా, కెనడా పోయారు. ఒక్కడు మాత్రం తాను కదలకుండా పేరును బందరు పంపాడు. నాన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో భూగోళశాస్త్రం చెప్పేవాడు కాబట్టి, ఇదంతా ఊరికే చెప్పి ఊరుకోలేదు. తార్నాకలో మా ముందుగది గోడ మీద పెద్ద ప్రపంచపటం తగిలించి, ఆక్రాయిడ్లున్న చోటల్లా ఎర్ర గుండుసూదులు గుచ్చాడు. హైదరాబాదు మీద కూడా ఒకటి. అది మేము.

ఈ పిచ్చిని పిచ్చిగా చూడకుండా కూర్చుని విన్న మొదటి మనిషి దయాకర్ అన్న. జనగామ అవతల ఒక పల్లె నుంచి వచ్చి నాన్న దగ్గర పీహెచ్‌డీ చేసేవాడు. చిన్నప్పుడే తండ్రి పోతే, గోల్నాకలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాడు.

"ఓక్ చెట్లు కొట్టి చేసిన భూమంటే, మా దిక్కు దాన్ని పోడంటరు సార్," అన్నాడు మొదటిసారి ఆ కథ విన్నప్పుడు. "అంటే మీరు పోడు శాంతికుమార్ సారన్నట్టు."

నాన్న పడీ పడీ నవ్వాడు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "ఇన్నేళ్లకు ఈయనకు జోడీ దొరికింది," అంది.

"మరి నీ పేరు ముందు ఆర్ ఏమిటి?" నాన్న అడిగాడు.

"రేలగడ్డ సార్."

"రేల చెట్టు, గడ్డ! చెట్టూ నేలా! నీదీ నాదీ ఒకే రకం పేరోయ్!"

"కాని మావోళ్లు మీ లెక్క ఓడలెక్కలే సార్. గీ ఇంటిపేరు ఇంకేడ లేదు. మా ఏదులకుంటలనే ఉన్నది."

నాన్న ఆ మాట నమ్మలేదు. ఊరూరా వాకబు చేయించి, చివరికి నమ్మాడు. ఆ వాకబుతోనే దయాకర్ అన్న పరిశోధన ఏమిటో కూడా తేలిపోయింది: తెలంగాణ పల్లెల్లో ఇంటిపేర్లు ఏవి ఎక్కడ పుట్టాయి, ఎటు వెళ్లాయి. ఇద్దరూ కలిసి జిల్లా పటాలు గీసుకునేవాళ్లు. ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి అతను మెట్లమీద కూర్చుని ఉండేవాడు. అమ్మ గోంగూర పచ్చడి వేస్తే "గీ తొక్కు ఇంకింత ఎయ్యండమ్మా," అని అడిగి పెట్టించుకునేవాడు. పచ్చడి అనాలా తొక్కు అనాలా అని అమ్మకూ అతనికీ రోజూ పోట్లాటే.

రెండువేల తొమ్మిది నవంబరు ఆఖర్లో తెలంగాణ ఉద్యమంతో క్యాంపస్ అట్టుడికిపోయింది. తరగతులు లేవు, హాస్టళ్లలో వంట లేదు. మాణికేశ్వర్ నగర్ ఆడవాళ్లు గంపల్లో అన్నం తెచ్చి పిల్లలకు పెట్టారు. బాష్పవాయువు గాలివాటుకి తార్నాక దాకా వచ్చేది. మేము కిటికీలు మూసి, సందుల్లో తడిబట్టలు కుక్కి కూర్చునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం దయాకర్ అన్న వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. అమ్మ చెంబుతో నీళ్లు ఇస్తే ముఖం కడుక్కుని, తుడుచుకోకుండానే నాన్న ముందు కూర్చున్నాడు.

"సార్, రేపు ఆర్ట్స్ కాలేజీ ముంగట లెక్చరర్లు దీక్షల కూసుంటున్రు. మీరు గూడ జర వచ్చి కూసోవాలె."

"నేనా? నన్ను అక్కడ ఎవరు కూర్చోనిస్తారయ్యా?"

"నేనున్న గద సార్. మీరు మా సారు. ఒక్క గంట కూసుండి వొచ్చెయ్యండి."

నాన్న నవ్వి, గోడమీది పటం వైపు చెయ్యి చూపించాడు. "నా పేరు చూడు. మీ ఆంధ్రా తెలంగాణా గొడవలో యార్క్‌షైర్ వాడికేం పని?"

ఎప్పుడూ నాన్న హాస్యానికి ముందే నవ్వే దయాకర్ అన్న ఆ రోజు నవ్వలేదు.

"యార్క్‌షైర్‌ది పేరు సార్, మీరు గాదు. ముప్పయేండ్ల సంది తార్నాకల ఉంటున్రు. మీ మనసుల ఏమున్నదో అదే చెప్పండి. వద్దంటే వద్దనండి, గది గూడ మాటనే. ఏ దిక్కు కానంటే మాత్రం నాకు మంచిగనిపిస్తలేదు."

అతను వెళ్లిపోయాక అమ్మ, "పిల్లాడు అంత ఇదిగా పిలిచాడు. వెళ్లి కూర్చుంటే ఏం పోతుందండీ?" అంది. "నీకు తెలియదు, ఊరుకో," అన్నాడు నాన్న.

నాన్న దీక్షకు వెళ్లలేదు. రెండు రోజుల తర్వాత పుస్తకాలు తెచ్చుకుందామని డిపార్టుమెంటుకు వెళ్లి, వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఆయన గది తలుపు మీద ఎవరో సుద్దముక్కతో 'ఆంధ్రా సార్ గో బ్యాక్' అని రాశారట. దయాకర్ అన్న తన చొక్కా చేతితో దాన్ని తుడుస్తున్నాడట. నాన్న మెట్లమీంచే అది చూసి, అతని కంట పడకుండా వెనక్కి దిగి వచ్చేశాడు. ఆ సంగతి అమ్మకు చెబుతూ, "వాడు నా కోసం సిగ్గుపడుతున్నాడు రూతూ," అన్నాడు. ఎవరో అలా రాసినందుకు కంటే, అతను తుడుస్తుండగా చూసినందుకే ఎక్కువ కుంగిపోయినట్టు కనిపించాడు.

డిసెంబరులో తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చిన మర్నాడు తార్నాక చౌరస్తా గులాలుతో గులాబీరంగు అయిపోయింది. దయాకర్ అన్న జిలేబీ పొట్లంతో వచ్చి మా అందరి నోళ్లూ తీపి చేశాడు. నాన్న కూడా అతన్ని కౌగిలించుకున్నాడు. రెండు వారాలు తిరక్కుండానే ఆ మాట వెనక్కి పోయింది. మళ్లీ బందులు, మళ్లీ పొగ. చౌరస్తా దగ్గర ఒక బస్సు తగలబడింది. ఆ కేసులో రాసిన పేర్లలో, ఊరు లేకుండా, 'ఆర్. దయాకర్' అని కూడా ఉందని విన్నాం. బస్సు కాలిన వేళ అతను మా ఇంట్లో అన్నం తింటున్నాడు. ఆ మాట అమ్మ కనబడ్డవాళ్లందరికీ చెప్పింది, ఎవరికి చెబితే పని జరుగుతుందో మాకు తెలియలేదు. అతని ఫోను మూగబోయింది. హాస్టల్లో లేడు, గోల్నాకలో మేనమామ ఇంటికి తాళం.

ఆ రోజుల్లో మా ఇంటికి ఎవరూ వచ్చేవారు కాదు. నాన్న పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఎక్కడికీ వెళ్లకుండా ముందుగదిలో కూర్చునేవాడు. పటంలో సూదులు అటూ ఇటూ సర్దేవాడు. వినే మనిషి లేకపోతే నాన్న ఎంత చిన్నగా అయిపోతాడో నాకు అప్పుడే తెలిసింది.

జనవరి మొదట్లో ఒక పొద్దున, అమ్మ దోసెలు పోస్తుండగా, మామూలు బట్టల్లో ఒకాయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. చెప్పులు బయటే విడిచి, చేతులు జోడించి, తాను పోలీసునని చెప్పుకున్నాడు. దాచలేదు. దయాకర్ మీ దగ్గర చదువుతున్నాడు కదా, ఎక్కడున్నాడో తెలుసా అని అడిగాడు.

"నాకు తెలియదు," అన్నాడు నాన్న గట్టిగా. "తెలిసినా చెప్పను. ఆ పిల్లవాడు బస్సు తగలబెట్టలేదు. ఆ సమయానికి ఇక్కడ నా పక్కన కూర్చుని భోంచేస్తున్నాడు. కావాలంటే సాక్ష్యం చెబుతాను."

ఆ మాటలు విని నేను వంటింట్లో గర్వపడ్డాను.

"సరే సార్. మీరు పెద్దమనుషులు, మీ మాట రాసుకుంట," అని ఆయన లేచాడు. అమ్మ మర్యాదకు టీ తాగి వెళ్లమంది. ఆయన మళ్లీ కూర్చున్నాడు. టీ మరిగేలోగా గోడ వంక చూసి, "గీ సూదులేంది సార్?" అన్నాడు.

అంతే. నాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. యార్క్‌షైర్ నుంచి మొదలుపెట్టాడు. ఓక్ చెట్లు, ఉన్ని మిల్లులు, ఓడలు, కరువు, అనాథాలయం. పోలీసాయన నడుమ నడుమ "అట్లనా సార్!", "కమాల్ ఉన్నది సార్!" అంటున్నాడు. నటించాడని నేను ఇప్పటికీ అనుకోను. నిజంగానే ఆసక్తిగా విన్నాడు.

"అంటే ఇంటిపేరు పట్టుకుంటే మనిషి ఊరు దొరుకుతదన్నట్టు. మన దిక్కు పేర్లకు గూడ గిట్ల చెప్పొచ్చునా సార్?"

"ఎందుకు చెప్పకూడదు! కొన్ని పేర్లు ఇంకా తేలిక. ఇంగ్లీషు పేర్లు ప్రపంచమంతా చెదిరిపోయాయి. మనవి కొన్ని పుట్టిన చోటునుంచి అంగుళం కదల్లేదు."

నేను టీ కప్పులు పట్టుకుని వచ్చేసరికి జిల్లా పటం బల్ల మీద పరిచి ఉంది. నాన్న చూపుడువేలు జనగామ అవతల ఒక చుక్క మీద ఉంది. ఆయన ముఖం చాలా రోజుల తర్వాత వెలిగిపోతోంది.

"ఉదాహరణకి ఇది చూడండి. రేలగడ్డ. రాష్ట్రం మొత్తం గాలించినా ఈ ఒక్క ఊళ్లోనే..."

వంటింటి గుమ్మంలో అమ్మ దగ్గింది. నాన్న తలెత్తి అమ్మను చూశాడు. తర్వాత పటాన్ని, తన వేలిని చూసుకున్నాడు. వేలు తీయడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది.

పోలీసాయన టీ అంతా తాగాడు. "మస్తు సంగతులు చెప్పిన్రు సార్. సెలవ్," అని దండం పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లాడు.

"నేనేం చెప్పాను?" అన్నాడు నాన్న. "పేర్ల సంగతి చెప్పాను. వాడి పేరు చెప్పలేదు కదా. ఆర్ అంటే ఏమిటో ఆయన నన్ను అడగలేదు కదా."

అమ్మ స్టవ్ ఆర్పేసింది. "మీరు ముందు ఏదులకుంటకు బయల్దేరండి," అంది.

నాన్న పర్సు జేబులో పెట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్లాడు. ఆ రోజు కూడా బంద్. జనగామ వైపు బస్సు లేదు, జీపు లేదు. రైలు స్టేషనుకు వెళితే రైళ్లు ఆపేశారన్నారు. ఏదులకుంటకు ఫోను చేద్దామంటే ఏ నంబరూ లేదు. సాయంత్రం దాకా రోడ్ల మీద తిరిగి, దుమ్ము కొట్టుకుపోయి ఇంటికొచ్చాడు. చొక్కా మార్చుకోకుండానే గోడమీది పటం దింపి, చుట్టి, బీరువా వెనక పెట్టాడు. నేలమీద రాలిన సూదులు నేను ఏరాను.

మర్నాడు పొద్దున్నే పత్తి చేనులో దయాకర్ అన్నను పట్టుకున్నారు.

నాన్నే పట్టించాడని క్యాంపస్‌లో పుకారు పుట్టింది. ఆంధ్రా సారు కదా, ఇంకేం చేస్తాడు అన్నారు. అది నిజం కాదు. నిజం అంతకంటే చిన్నది. చాలా రోజుల తర్వాత తన మాట వినే మనిషి ఒకడు దొరికాడు, అంతే. ఆ చిన్నతనం వల్లే నాన్న దాన్ని క్యాంపస్ వాళ్లెవరికీ చెప్పుకోలేకపోయాడు. ద్రోహి అన్నా భరించాడు గానీ, ఇదీ జరిగిందని నోరు విప్పలేదు. వాంగ్మూలం ఇస్తానని స్టేషన్ చుట్టూ తిరిగాడు. రేపు రమ్మన్నారు, మళ్లీ రేపు రమ్మన్నారు.

ఆ నెలలోనే నన్ను వెంటబెట్టుకుని ఏదులకుంట వెళ్లాడు. దయాకర్ అన్న తల్లి పేరు శివమ్మ. ఇంటి ముందు పత్తి కుప్ప పోసుకుని దూదికి అంటిన ఎండుటాకులు ఏరుతోంది. మేమెవరమో చెప్పగానే చేతులు దులుపుకుని గబగబా లేచింది.

"తార్నాక సారా! అయ్యో, ఎండల పడి వస్తిరి. కూసోండి. బిడ్డా, నువ్వు గూడ కూసో." లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చింది. "మావోడు పండుగకొచ్చినప్పుడల్ల మీ ముచ్చటనే. మా ఇంటిపేరు మీరు పటంల పెట్టిన్రట గద. గది ఇన్నప్పటిసంది మా పాలోళ్లు, చుట్టాలంత మస్తు సంబురపడ్డరు."

నాన్న మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. పోలీసాయన వచ్చిన రోజు సంగతి మొదటినుంచీ చెప్పాడు. ఏదీ తగ్గించలేదు, ఏదీ కలపలేదు. పటం తానే పరిచానని చెప్పాడు. ఆయన అడక్కుండానే చెప్పానని కూడా చెప్పాడు.

శివమ్మ పత్తిలోంచి ఇంకో ఆకు ఏరి పక్కన పడేసింది.

"మా ఊరి పేరే గద సారూ మీరు చెప్పింది," అంది. "దాసుకునే ఊరా మాది?"

నాన్న ఏదో అనబోయాడు. ఆమె అననివ్వకుండా, "అన్నం తిని పోండి. చుక్కకూర పప్పు ఒండిన," అంది. మేం తిన్నాం. నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక నీళ్లు తాగడం నేను చూశాను. ఆమె కూడా చూసింది. చూడనట్టు ఇంకొంచెం పప్పు వేసింది.

ఎండలు మొదలయ్యాక బెయిలు వచ్చింది. జమానతు నాన్నే ఇచ్చాడు. అతను విడుదలయ్యే రోజు నేనూ నాన్నా జైలు గేటు దగ్గరికి వెళ్లాం. శివమ్మ అప్పటికే వచ్చి వేపచెట్టు నీడలో కూర్చుని ఉంది. అమ్మ ఇంటి దగ్గర వంట మొదలుపెట్టింది.

దయాకర్ అన్న బాగా చిక్కిపోయాడు. గడ్డం మాసింది. తల్లి ముఖం నిమురుతుంటే కాసేపు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. తర్వాత మా దగ్గరికి వచ్చి, "బాగున్నరా సార్? క్రిస్టినా, అమ్మ మంచిగున్నదా?" అని అడిగాడు.

నాన్న అతని ఎడమపక్కకు వెళ్లి నిలబడ్డాడు. ఆ మాట అనడానికి వారం రోజులుగా తనలో తాను అనుకుంటున్నాడని నాకు తెలుసు. తల వంచుకుని, చాలా మెల్లిగా, "తప్పు నాదే దయాకర్," అన్నాడు.

దయాకర్ అన్న రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాడు. ఆటో కోసం చూస్తున్నాడు. నాన్న ముఖం పాలిపోయింది. నేను ముందుకు వెళ్లి అతని మోచెయ్యి తాకాను.

"ఏంది సార్? ఏమన్నరు?" అంటూ అతను మొత్తం ఇటు తిరిగి, కుడి చెవి నాన్న వైపు పెట్టాడు. "గా చెవుల వినబడ్తలేదు సార్ ఇప్పుడు. గీ దిక్కు చెప్పండి."

నాన్న ఆ చెవి వంక చూశాడు. ఇంకోసారి, ఈసారి గట్టిగా, దారినపోయేవాళ్లు తిరిగి చూసేలా అన్నాడు. "తప్పు నాది. నీ ఊరు నేనే చెప్పాను."

"తెలుసు సార్. అమ్మ చెప్పింది." అతను భుజం మీది సంచి సర్దుకున్నాడు. "మీరేం తప్పు చెప్పలే. మాది గా ఊరే గద."

అమ్మ వంట చేస్తోంది, ఇంటికి రమ్మని నేను అడిగాను. పొద్దుగూకకముందే ఊరు చేరాలని అన్నాడు. నాన్నకు దండం పెట్టి, తల్లిని ఆటో ఎక్కించి, తాను ఎక్కి వెళ్లిపోయాడు. పీహెచ్‌డీ పూర్తి చేయలేదు. మా ఇంటికి మళ్లీ రాలేదు.

తిరుగుదారిలో నాన్న బస్సు కిటికీ పక్కన కూర్చున్నాడు. తార్నాక వచ్చేదాకా ఒకే ప్రశ్న మార్చి మార్చి అడిగాడు. వాడి గొంతులో కోపం ఉందా? నువ్వు దగ్గరగా ఉన్నావు కదా, నీకేమైనా అనిపించిందా?

లేదు నాన్నా, నాకు కోపం కనబడలేదు అన్నాను.

"ఉంటే బాగుండేదమ్మా," అన్నాడు.